ఏసీ గది ఉద్యోగం అమ్మాయి అడిగిందా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. లెక్కల్లో ముందుంటుంది. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చేస్తానని పట్టుబడుతోంది. ఆడపిల్లకు ఫ్యాక్టరీలెందుకు, కంప్యూటర్ సైన్స్‌లో ఏఐ అయితే ఏసీ గదిలో ఉద్యోగం కదా అని మా ఉద్దేశం. రెండింటిలో ఏది మేలు? మొన్న మిక్సీ విప్పి కార్బన్ బ్రష్‌లు తనే మార్చేసింది. ఆ పిచ్చి చూస్తే భయమేస్తోంది. – ఒక తండ్రి, గాజువాక

జవాబు: కార్బన్ బ్రష్‌లంటే మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు. ఆ కరెంటు ఎక్కడ అందడం లేదో పదో తరగతి పిల్ల వెతికి పట్టుకుంటే దానికి మీరు పెట్టిన పేరు పిచ్చి! అదే పని అబ్బాయి చేస్తే వీధంతా చెప్పుకొనేవారు. (ప్లగ్గు తీశాకే విప్పమని మాత్రం గట్టిగా చెప్పండి.)

ఏటా ఇదే ప్రశ్న వస్తుంది, బ్రాంచి పేరు మారుతుందంతే. అడుగున ఉన్నది రాత్రి షిఫ్టుల భయం, పెళ్లి సంబంధాల బెంగ. ఆ భయాన్ని కొట్టిపారేయను. కానీ రాత్రి షిఫ్టులు సాఫ్ట్‌వేర్‌లోనూ ఉన్నాయి. ఎలక్ట్రికల్ చదివిన వాళ్లందరూ స్తంభాలెక్కరు. డిజైన్, టెస్టింగ్, కంట్రోల్ రూమ్ పనులూ అందులోవే. పక్కనే స్టీల్ ప్లాంటును పెట్టుకుని మీరు ఇది అడగడమే విడ్డూరం.

ఇక ఏఐ. ఈ పేరు మీద నాకు కొంత అనుమానముంది. ఏఐ కోర్సుకూ మామూలు కంప్యూటర్ సైన్స్‌కూ మొదటి రెండేళ్లలో పెద్ద తేడా ఉండదు. ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, గణితం రెండింటిలోనూ ఉంటాయి. మీ అమ్మాయి డిగ్రీ చేతికొచ్చేది ఇంటర్, బీటెక్ కలిపి ఆరేళ్ల తర్వాత. అప్పటికి ఏ పేరు చెలామణిలో ఉంటుందో ఎవరు చెప్పగలరు? మాత్రికలు, సంభావ్యత మీద పట్టుంటే ఏఐ ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. బోర్డు మీద పేరు చూసి ఫీజు కట్టకండి.

మన దేశపు తొలి మహిళా ఇంజినీర్లలో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత మద్రాసులోని గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ పూర్తి చేసింది 1943లో. పద్దెనిమిదేళ్లకే భర్త పోయి, చంటిబిడ్డతో మిగిలిన మనిషి. సీటు కోసం పైవాళ్లతో మాట్లాడినది ఆమె తండ్రి, అక్కడే ప్రొఫెసరు. మీకు ఆపాటి శ్రమ కూడా లేదు. రాష్ట్ర ఇంజినీరింగ్ సీట్లలో మూడో వంతు అమ్మాయిలకే. ఐఐటీల్లో 2018 నుంచి వాళ్లకు అదనపు సీట్లున్నాయి. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షలు దాటకపోతే ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ) అమ్మాయిలకిచ్చే ప్రగతి స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయొచ్చు, ఎంపికైతే ఏడాదికి రూ.50,000.

ఏది మేలో ఇప్పుడు తేల్చనక్కర్లేదు. ఎంపీసీలో చేర్చండి, రెండు దారులూ తెరిచే ఉంటాయి. ఈలోగా ఇంట్లో కంప్యూటర్ ఉంటే అది అమ్మాయికీ అందనివ్వండి, వేసవిలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టనివ్వండి. కోడ్ రుచి తగిలి మనసు మార్చుకుంటే అది తన నిర్ణయం. మార్చుకోకపోతే కరెంటు, వోల్టేజీ కొలిచే మల్టీమీటరు ఒకటి కొనిపెట్టండి.