కెమిస్ట్రీ లెక్కలు సున్నం బస్తా దగ్గర మొదలుపెట్టండి

మీరు అడిగింది ఇది: పాలకొల్లు దగ్గర రొయ్యల చెరువులు చేస్తున్నారు. మీ అమ్మాయి పదో తరగతి. సమీకరణాలు బట్టీ పట్టి గడగడా అప్పజెబుతుంది, కానీ "ఇంత పదార్థం నుంచి ఎంత వస్తుంది" అని లెక్క ఇస్తే పెన్ను కదలదు. మోల్ (కణాల్ని లెక్కకట్టే కొలత) అన్న మాట వింటేనే టెన్షన్. ట్యూషన్ మార్చాలా, ఇంట్లో మీరు చెయ్యగలిగింది ఏమైనా ఉందా అని.

నమస్కారమండి. నేను భీమవరం వైపు ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా క్లాసుల్లో చాలామంది చెరువుల మీద, వరి మీద బతికే ఇళ్ల పిల్లలే. మీరు చెప్పిన ఇబ్బంది ప్రతి ఏడాదీ నా కళ్ల ముందు ఉండేదే. దానికి కారణం కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే. పిల్లల బుర్రలోకి సమీకరణం అక్షరాల వరసగా వెళ్లింది తప్ప బరువుల లెక్కగా వెళ్లలేదు. బాణానికి ఎడమ పక్క ఎన్ని కిలోలు ఉన్నాయో కుడి పక్క కూడా అన్ని కిలోలే ఉండాలన్న ఒక్క సంగతి మనసుకి పడితే, మిగతాదంతా ఆరో తరగతిలో నేర్చుకున్న నిష్పత్తుల లెక్కే. కాబట్టి మోల్‌ని కొన్నాళ్లు పక్కన పెట్టించండి. బరువుతో మొదలుపెట్టండి. అందుకు కావాల్సిన సరుకు మీ చెరువు గట్టు మీద షెడ్డులోనే ఉంది.

ముందు సున్నం. ఉప్పుటేళ్ల నుంచి, సముద్రపు పాయల నుంచి తెచ్చిన గుల్లని బట్టీలో కాల్చి సున్నం చేస్తారని మీకు తెలుసు. గుల్లలో ఉన్నది దాదాపు అంతా కాల్షియం కార్బొనేట్. అమ్మాయిని కాగితం తీసుకోమనండి. పరమాణు భారాలు వేయమనండి: కాల్షియం 40, కార్బన్ 12, ఆక్సిజన్ 16 చొప్పున మూడు 48. మొత్తం 100. బాగా కాలిస్తే అది రెండుగా విడిపోతుంది:

కాల్షియం కార్బొనేట్ → కాల్షియం ఆక్సైడ్ + కార్బన్ డయాక్సైడ్
100 → 56 + 44

అంటే వంద కిలోల గుల్ల బట్టీలో వేస్తే, ఎంత బాగా కాల్చినా 56 కిలోలకి మించి సున్నం రాదు. 44 కిలోలు గాల్లో కలిసిపోతుంది. ఈ ముక్క క్లాసులో చెప్పినప్పుడు పిల్లలు ఒక్కసారి తలెత్తి చూస్తారు. సగానికి దగ్గరగా సరుకు కంటికి కనపడకుండా పోయిందంటే వాళ్లకి నమ్మబుద్ధి కాదు. ఆ ఆశ్చర్యం దగ్గర కాసేపు ఆగాలి, వెంటనే తర్వాతి లెక్కకి పరిగెత్తకూడదు. "పోయిన 44 ఎక్కడుంది?" అని అడిగి, వాళ్ల నోటితోనే జవాబు రానివ్వాలి.

ఇప్పుడు ఆ 56 కిలోల పొడిసున్నంలో నీళ్లు పోశారనుకోండి. బుసబుసా పొంగుతుంది, డ్రమ్ము పట్టుకోలేనంత వేడెక్కుతుంది. 18 కిలోల నీరు అందులో కలిసిపోయి 74 కిలోల కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. పుస్తకంలో ఉష్ణమోచక చర్య అని రాసేది దీన్నే. ఆ వేడి ఎంతంటే, 56 గ్రాముల సున్నం నీటితో కలిసినప్పుడు సుమారు 65 కిలోజౌళ్లు వస్తుంది. లీటరు నీటి ఉష్ణోగ్రతని సుమారు 15 డిగ్రీలు పెంచడానికి అది చాలు. అందుకే ఈ పని అమ్మాయి చేత చేయించకండి, దూరం నుంచి చూడనివ్వండి చాలు. సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు. మీరు చేసేటప్పుడు కూడా కళ్లద్దాలు పెట్టుకోండి.

ఆ తడిసున్నాన్ని గోడకి వెల్ల వేశాక ఏమవుతుంది? గాలిలోని కార్బన్ డయాక్సైడ్ 44 మళ్లీ వచ్చి చేరుతుంది, 18 నీరు బయటికి పోతుంది. 74 + 44 = 118. అందులోంచి 18 తీస్తే 100. మొదట గుల్లలో ఉన్న కాల్షియం కార్బొనేటే గోడ మీద మళ్లీ తయారైంది. వెల్ల వేసిన రోజు కంటే రెండు మూడు రోజులు పోయాక గోడ మెరిసేది అందుకే. 100, 56, 74, మళ్లీ 100. ఈ చక్రాన్ని పిల్ల తన చేత్తో వేసుకుని, ప్రతి బాణం దగ్గరా రెండు పక్కలా కూడి చూసుకుంటే, ద్రవ్యనిత్యత్వ నియమం మళ్లీ విడిగా బట్టీ పట్టక్కర్లేదు. వియోగం, సంయోగం, ఉష్ణమోచక చర్య కూడా ఇందులోనే వచ్చేశాయి.

ఇక్కడి నుంచి మీ చెరువు లెక్కలోకి దిగండి. అడుగు మట్టిలో ఆమ్లత్వం పోగొట్టడానికి వంద కిలోల వ్యవసాయ సున్నం, అంటే కాల్షియం కార్బొనేట్, కావాల్సి వచ్చిందనుకుందాం. దాని బదులు పొడిసున్నం వేస్తే ఎంత చాలు? 56 కిలోలు. తడిసున్నమైతే 74. డోలమైట్‌లో కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా ఉంటుంది, రెండు కార్బొనేట్‌లు ఉంటాయి. దాని బరువు 184 వస్తుంది, కానీ అది రెండు వందల బరువు కాల్షియం కార్బొనేట్ చేసే పని చేస్తుంది. కాబట్టి 92 కిలోలు చాలు. బస్తాలో సరుకు నూటికి నూరు శాతం స్వచ్ఛం కాదు కదా అని మీ అమ్మాయి అడిగితే సంతోషించండి, అది సరైన ప్రశ్న. తొంభై శాతం స్వచ్ఛత అనుకుని మళ్లీ చేయమనండి. మరి బరువు తక్కువ పడుతుంది కదా, ఎప్పుడూ పొడిసున్నమే వేస్తే పోదా అని కూడా అడగొచ్చు. దానికి జవాబు మీకే బాగా తెలుసు: రొయ్య ఉన్న చెరువులో పొడిసున్నం వేస్తే పీహెచ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది, నీటిలోని అమ్మోనియంలో ఎక్కువ భాగం విషపూరితమైన అమ్మోనియాగా మారుతుంది. అందుకే దాన్ని పట్టుబడి అయ్యాక, చెరువు ఎండగట్టినప్పుడే వాడతారు. ఈ సంగతి సారు చెప్పేకంటే మీరు గట్టు మీద నిలబడి చెబితే పిల్ల మనసులో బాగా నాటుకుంటుంది.

నేను గమనించిన ఇంకో సంగతి. చెరువుల ఇళ్ల పిల్లలకి నిష్పత్తులు రావని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఇంత రొయ్య రావాలంటే ఎంత మేత పడుతుందో ఎఫ్‌సీఆర్ లెక్క నోటితో చెప్పే పిల్లలు నా దగ్గర ఉన్నారు. అదే పిల్ల "100 గ్రాముల నుంచి 56 గ్రాములు, మరి 25 గ్రాముల నుంచి?" అంటే బిక్కమొహం వేస్తుంది. రెండూ ఒకే లెక్క అని ఎవరూ చూపించకపోవడమే కారణం. మీరు చూపించగలరు.

రెండోది ఎరువు బస్తా. యూరియా బస్తా మీద నత్రజని 46 శాతం అని రాసి ఉంటుంది. ఆ 46 ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మాయిని కనుక్కోమనండి. యూరియాలో ఒక కార్బన్ 12, ఒక ఆక్సిజన్ 16, రెండు నైట్రోజన్లు 28, నాలుగు హైడ్రోజన్లు 4. మొత్తం 60. ఇరవై ఎనిమిదిని అరవైతో భాగిస్తే 46.7 శాతం. బస్తా మీద ఉన్న అంకె తన లెక్కలోంచి బయటపడటం చూసిన పిల్ల మొహం ఎలా వెలుగుతుందో నాకు తెలుసు. ఆ తర్వాత బస్తా మీది 46 శాతం లెక్కన 45 కిలోల బస్తాలో నత్రజని ఎంత అంటే 20.7 కిలోలు అని తనే చెబుతుంది. డీఏపీ కొంచెం చిక్కు పెడుతుంది. బస్తా మీద 18-46 అని ఉంటుంది కానీ ఆ 46 భాస్వరం శాతం కాదు, భాస్వరం పెంటాక్సైడ్‌గా లెక్కకట్టిన శాతం. అసలు భాస్వరం 20 శాతమే. భాస్వరం పెంటాక్సైడ్ బరువు 142లో భాస్వరం 62 అన్న ఆధారం ఇచ్చి వదిలేయండి, మిగతాది తను చేస్తుంది.

బ్లీచింగ్ పౌడర్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే గోదావరి వరదలప్పుడు లంక గ్రామాల్లో బావుల్లో దీన్నే కలుపుతారు. తడిసున్నం మీదికి క్లోరిన్ పంపితే బ్లీచింగ్ పౌడరూ నీరూ వస్తాయి: 74 + 71 → 127 + 18. క్లోరిన్ వాటా 127లో 71, అంటే 56 శాతం ఉండాలి. బజారులో దొరికే పౌడర్లో వాడకానికి పనికొచ్చే క్లోరిన్ సుమారు మూడో వంతే ఉంటుంది. మూత తీసి ఉంచితే గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ తగిలి క్లోరిన్ ఎగిరిపోయి ఇంకా తగ్గిపోతుంది. ఆ ఘాటు వాసన అదే. ఇక లెక్క: వెయ్యి లీటర్ల తాగునీటికి రెండున్నర గ్రాముల మంచి పౌడర్ సరిపోతుందని ప్రజారోగ్య పాఠాల్లో చెబుతారు. రెండు మీటర్ల వ్యాసం ఉన్న బావిలో మూడు మీటర్ల లోతు నీరుంటే ఎన్ని లీటర్లు? 3.14 × 1 × 1 × 3 = 9.42 ఘనపు మీటర్లు, అంటే 9,420 లీటర్లు. పౌడర్ 24 గ్రాములకి కాస్త తక్కువ. గణితంలో నేర్చుకున్న స్థూపం ఘనపరిమాణం ఇక్కడ అక్కరకొచ్చింది.

ఇంట్లో చెయ్యదగ్గ ప్రయోగం ఒకటి తప్పకుండా చేయించండి. వంటింటి డిజిటల్ కాటా మీద పెద్ద గిన్నె పెట్టి అర లీటరు వెనిగర్ పోయండి. కాటా మీదే పక్కన చిన్న గ్లాసులో 21 గ్రాముల వంటసోడా పెట్టి, రెండిటి మొత్తం బరువు రాసుకోండి. అప్పుడు సోడాని కొంచెం కొంచెంగా వెనిగర్లో వేసి కలపండి. పొంగు పూర్తిగా తగ్గాక ఖాళీ గ్లాసు కూడా కాటా మీదే ఉంచి మళ్లీ తూచండి. వంటసోడా బరువు 84, దాంతో వచ్చే కార్బన్ డయాక్సైడ్ 44. కాబట్టి 21కి 11 గ్రాములు తగ్గాలి. కొంత గ్యాసు నీటిలోనే కరిగి ఉండిపోతుంది కనుక పదకొండుకి కాస్త తక్కువే తగ్గుతుంది. ప్రయోగానికి ముందే అమ్మాయి చేత "ఎంత తగ్గుతుంది" అని కాగితం మీద రాయించండి, అది ముఖ్యం. ఒక్క జాగ్రత్త: మూత బిగించిన సీసాలో మాత్రం వద్దు, పేలుతుంది.

బరువులు అలవాటయ్యాక సమీకరణంలో ఫార్ములాల ముందు రాసే అంకెల దగ్గరికి రావాలి. ఎక్కువ మార్కులు ఇక్కడే పోతాయి. రైలు పట్టాలు అతికే చర్య చూడండి: రెండు అల్యూమినియం, ఒక ఐరన్ ఆక్సైడ్ కలిసి ఒక అల్యూమినియం ఆక్సైడ్, రెండు ఇనుము ఇస్తాయి. 54 + 160 → 102 + 112. యాభై ఆరు కిలోల ఇనుముకి ఎంత ఐరన్ ఆక్సైడ్ కావాలంటే, ఇనుము ముందున్న రెండుని మరిచిపోయిన పిల్ల 160 అని రాస్తుంది. సరైన జవాబు 80. లెక్క మొదలుపెట్టే ముందు రెండు పక్కలా కూడి 214 = 214 అని సరిచూసుకునే అలవాటు ఉంటే ఆ తప్పు తనకే దొరుకుతుంది.

తుల్యం చేసేటప్పుడు, అంటే రెండు పక్కలా పరమాణువుల సంఖ్య సమానం చేసేటప్పుడు, ఫార్ములా లోపలి చిన్న అంకెల్ని మార్చడం ఇంకో జబ్బు. నీటిలో ఒక ఆక్సిజన్ తక్కువైందని హెచ్2ఓ2 అని రాస్తే అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. ముందున్న అంకెనే మార్చాలి. దీనికి సాధనగా నేను మన ప్రాంతపు సమీకరణం ఒకటి ఇస్తాను. తణుకులో ఆంధ్రా షుగర్స్ వాళ్లు ఇస్రో రాకెట్ల కోసం యూడీఎంహెచ్ అనే ద్రవ ఇంధనం తయారుచేస్తారు. పీఎస్ఎల్‌వీ రెండో దశలో మండే ఇంధనంలో ప్రధాన భాగం అదే. అది నైట్రోజన్ టెట్రాక్సైడ్‌తో కలిసి మండుతుంది:

సీ2హెచ్8ఎన్2 + ఎన్2ఓ4 → సీఓ2 + హెచ్2ఓ + ఎన్2

మీ అమ్మాయిని తుల్యం చెయ్యమనండి. ముందు కార్బన్, తర్వాత హైడ్రోజన్, తర్వాత ఆక్సిజన్, చివర్లో నైట్రోజన్. వరసగా 1, 2, 2, 4, 3 రావాలి. బరువులు 60 + 184 ఒక పక్క, 88 + 72 + 84 ఇంకో పక్క, రెండూ 244. మన పక్క ఊళ్లో తయారయ్యే ఇంధనంతో రాకెట్ లేస్తుందంటే పిల్లలు ఈ లెక్కని వదలరు.

ఇదంతా అయ్యాక మోల్. అప్పటికి పిల్లకి 100, 56, 44 బాగా పరిచయం. "ఆ 100 గ్రాముల్లోనూ, 56 గ్రాముల్లోనూ, 44 గ్రాముల్లోనూ కణాల సంఖ్య ఒక్కటే, ఆ సంఖ్యకే మోల్ అని పేరు పెట్టారు" అని చెప్పండి. 6.022 × 10²³ అన్న అంకె అప్పుడు భయపెట్టదు, అప్పటికే చేస్తున్న లెక్కకి ఒక పేరు దొరికినట్టు ఉంటుంది. 25 గ్రాముల కాల్షియం కార్బొనేట్ అంటే పావు మోల్, దాంట్లోంచి పావు మోల్ సున్నం, అంటే 14 గ్రాములు. అంతే.

ట్యూషన్ ఇప్పుడే మార్చకండి. పబ్లిక్ పరీక్షల ఏడాదిలో సారు మారితే పిల్ల ఇంకా కంగారు పడుతుంది. ఉన్న సారునే కలిసి రెండు అడగండి: ప్రతి సమీకరణం కిందా బరువులు వేయించమని, వారంలో కనీసం ఒక రోజు కొత్త సమీకరణాలేవీ చెప్పకుండా లెక్కలే చేయించమని. ఇంట్లో మీరు మాత్రం షెడ్డులో ఏ బస్తా విప్పినా దాని లేబుల్ అమ్మాయికి ఇచ్చి, అందులో ఏముందో, ఎంత శాతమో చెప్పమనండి.