ముక్కు శాంపిల్‌కు మామూలు దూది పుల్ల ఎందుకు పనికిరాదు?

చెవికి వాడే దూది పుల్లను వేడి చేసి శుభ్రపరిచి ముక్కు శాంపిల్‌కు వాడితే తప్పేమిటి, పాతకాలం డాక్టర్లు వాడింది దూదే కదా అన్నది మీ ప్రశ్న.

వాడింది దూదే, నిజం. 1893లో న్యూయార్క్ నగర ఆరోగ్య శాఖ డిఫ్తీరియా (గొంతులో పొర కట్టే అంటువ్యాధి) పరీక్ష కోసం మందుల షాపుల్లో చిన్న పెట్టెలు ఉంచింది. ఒక్కోదాంట్లో కడ్డీ చివర దూది చుట్టిన స్వాబ్, క్రిములు పెరగడానికి గడ్డకట్టిన సీరం (రక్తంలోని ద్రవ భాగం) ఉన్న గాజు గొట్టం ఉండేవి. డాక్టరు గొంతులోని పొర మీద స్వాబ్ రుద్ది, అప్పటికప్పుడే సీరం మీద రాసేవాడు. మర్నాటికి ఫలితం. క్రిమి దూదిలో ఉండేది క్షణాలే కాబట్టి పని జరిగింది.

శాంపిల్‌ను గంటల తరబడి నిలవ ఉంచి పంపాల్సి వస్తే మాత్రం దూదే శత్రువు. అందులోని కొవ్వు ఆమ్లాలు గనేరియా బ్యాక్టీరియా లాంటి సున్నితమైనవాటిని చంపేస్తాయి. గ్లాస్గోలో స్టువర్ట్ అనే బ్యాక్టీరియా నిపుణుడు 1940లలో స్వాబ్‌కు బొగ్గుపొడి పట్టించి, పోషకాలు దాదాపు లేని మెత్తటి అగర్‌లో (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ) పెట్టి పంపడం మొదలుపెట్టాడు. పోషకాలు ఎందుకు వద్దంటే, వెంట వచ్చిన వేరే బ్యాక్టీరియా దారిలోనే పెరిగి అసలుదాన్ని కమ్మేస్తుంది. అయినా స్టువర్ట్ వాడిన గ్లిసరోఫాస్ఫేట్ అనే లవణాన్ని తిని కొన్ని పెరిగేవి. 1967లో ఏమీస్ అనే మరో పరిశోధకుడు దాన్ని తీసేసి మామూలు ఫాస్ఫేట్ వేశాడు, బొగ్గును అగర్‌లోనే కలిపాడు. ఆ మిశ్రమం, ఏమీస్ మీడియం, ఇప్పటికీ వాడుకలో ఉంది.

క్రిమి జన్యుపదార్థాన్ని రసాయన చర్యతో కోట్ల ప్రతులుగా పెంచి గుర్తించే పీసీఆర్ పరీక్ష వచ్చాక లెక్క మళ్లీ మారింది. కాల్షియం ఆల్జినేట్ (నాచు నుంచి తీసే పీచు) స్వాబ్‌లు, చెక్క పుల్లలు ఆ రసాయన చర్యను అడ్డుకోగలవు. అందుకే సింథటిక్ పీచు, ప్లాస్టిక్ పుల్ల. 2000ల మొదట్లో ఇటలీలోని కోపాన్ కంపెనీ తెచ్చిన ఫ్లాక్డ్ స్వాబ్ నా దృష్టిలో ఈ చరిత్రలో అతి పెద్ద మలుపు. చుట్టిన దూది లోపలికి శాంపిల్ ఇంకి, తిరిగి బయటికి రాదు. ఫ్లాక్డ్ స్వాబ్‌లో పొట్టి నైలాన్ పోగులు బ్రష్‌లా నిటారుగా అతికి ఉంటాయి, ఇంకిపోవడానికి లోపలి భాగమే లేదు. ద్రవంలో తిప్పగానే దాదాపు అంతా వదిలేస్తుంది.

ఇక వేడి చేయడం సంగతి. వేడి క్రిములను చంపుతుంది, డీఎన్ఏను పూర్తిగా తీసేయదు. జర్మనీలో పదుల కొద్దీ నేరస్థలాల్లో ఒకే మహిళ డీఎన్ఏ దొరికి పోలీసులు ఏళ్ల తరబడి వెతికారు. అది స్వాబ్‌ల ప్యాకింగ్‌లో పనిచేసే మహిళదని 2009లో తేలింది. నేర పరిశోధనకు వాడే సామగ్రిలో ఇలా మనిషి డీఎన్ఏ కలవకుండా చూసేందుకు 2016లో ఐఎస్ఓ 18385 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది.

సరైన స్వాబ్ ఉన్నా తీసే తీరు తప్పితే వృథా. ముక్కు వెనక భాగం నుంచి తీసేటప్పుడు పుల్లను కంటి వైపు పైకి ఎత్తకూడదు, అంగిలికి సమాంతరంగా నేరుగా వెనక్కి పోనివ్వాలి. పైకి పోతే లోపలి ఎముక మడతలకు తగిలి నొప్పి, రక్తం. మెల్లగా అడ్డు తగిలాక కొన్ని సెకన్లు అలాగే ఉంచి, తిప్పుతూ తీయాలి. ద్రవం ఉన్న గొట్టంలో పెట్టాక, పుల్ల మీద విరవడానికి పెట్టిన గాటు దగ్గరే దాన్ని విరవాలి. పొడవుగా మిగిలితే మూత బిగుసుకోక ద్రవం కారిపోతుంది, ల్యాబ్ ఆ శాంపిల్‌ను తిప్పి పంపుతుంది.