పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: అందరూ కలిసి పాడుకోదగిన తెలుగు రామాయణం

ప్రశ్న: మా కాలనీ రామాలయంలో శ్రీరామనవమికి తొమ్మిది రోజులు సంస్కృత సుందరకాండ పారాయణం చేస్తాము. అర్థం తెలిసి చదివేవారు మాలో కొద్దిమందే. పక్క వీధిలోని ఉత్తరాది కుటుంబాలవారు తులసీదాసు రామచరితమానస్‌ను ఒక పగలూ ఒక రాత్రీ ఆపకుండా పాడుతుంటే పిల్లలు కూడా గొంతు కలుపుతారు. తెలుగులో అటువంటి రామాయణం ఉందా? ఉంటే, వాల్మీకంలో లేని కథలున్న గ్రంథాన్ని గుడిలో చదవవచ్చునా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

సమాధానం: ఉన్నదమ్మా. తులసీదాసు 1574లో అయోధ్యలో మానస్ రచనకు పూనుకోవడానికి దాదాపు మూడు వందల ఏళ్ల ముందే, కాకతీయుల కాలంలో, గోన బుద్ధారెడ్డి రామకథను ద్విపదలో, అంటే రెండేసి పాదాల పద్యాలలో, రచించాడు. అదే రంగనాథ రామాయణం. భాస్కర రామాయణం కూడా గొప్పదే, కాని అది గద్యపద్యాలు కలిసిన చంపువు. ఒకరు రాగం తీసి పద్యం చదువుతుంటే తక్కినవారు వినడానికి అనువైనదే తప్ప నలభైమంది కలిసి పాడడానికి అనువైనది కాదు. (రాగం మరీ సాగదీసి పద్యంలోని మాటలను మింగేసే అలవాటు మన సభలలో ఎలాగూ ఉన్నది.)

ద్విపద నిర్మాణమే సామూహిక గానానికి అనుకూలం. పాదానికి మూడు ఇంద్రగణాలూ చివర ఒక సూర్యగణమూ ఉంటాయి (గణమంటే గురులఘువుల గుంపు), రెండు పాదాలకూ ప్రాస, అంటే రెండవ అక్షరం, కలుస్తుంది, పాదం మొదటి అక్షరంతో జోడు కుదిరే యతి మూడవ గణం మొదటి అక్షరం మీద పడుతుంది. అంటే ప్రతి పాదమూ నడుమ సహజంగా రెండుగా విరుగుతుంది కాబట్టి, మొదటి సగం ఒకరు ఎత్తుకుంటే రెండవ సగం అందరూ అందుకోవచ్చును. బుద్ధారెడ్డి కంటె ముందే పాల్కురికి సోమనాథుడు బసవపురాణానికి ద్విపదను ఎంచుకుంటూ, జానుతెనుగు, అంటే తేలికైన తెలుగు, సర్వసామాన్యం కనుకనే ఆ పని చేస్తున్నానని చెప్పుకున్నాడు. పండితులు చాలాకాలం ఈ ఛందస్సును చిన్నచూపు చూసినా, తోలుబొమ్మలాట కళాకారులు మాత్రం రంగనాథ రామాయణాన్ని తమ ఆటకు ఆధారంగా నిలుపుకున్నారు. అది మన ఇళ్లలోని పూజాపీఠం మీదికి రాకపోయినా ఊరి నడుమ రాత్రంతా వినిపిస్తూనే వచ్చింది.

అయితే మానస్ పద్ధతిని ఉన్నదున్నట్టు అనుకరించబోతే మీకు రెండు చిక్కులు ఎదురవుతాయి. మానస్‌లో కొన్ని చౌపాయీలు (నాలుగు పాదాల పద్యాలు) గడిచాక ఒక దోహా (రెండు పాదాల పద్యం) వస్తుంది, గొంతుకు విశ్రాంతి, కథకు మలుపు అక్కడ దొరుకుతాయి. తొమ్మిది రోజుల నవాహ్నానికీ నెల రోజుల మాసపారాయణానికీ ఎక్కడ ఆపాలో అచ్చుప్రతులలోనే గుర్తులుంటాయి. ద్విపద అలా ఆగదు, ప్రవాహంలా సాగిపోతుంది. బొమ్మలాటవారు నడుమ నడుమ మాటలూ హాస్యమూ చొప్పించడంలో ఈ అవసరం కూడా ఉన్నది. కాబట్టి ఇరవై ద్విపదలకొకసారి రామనామ సంకీర్తన పెట్టుకుని, ఘట్టం మారిన చోట ఒకరు రెండు మాటలలో కథ చెప్పే ఏర్పాటు చేసుకోండి. రెండవ చిక్కు నిడివి. గ్రంథంలో సుమారు 17,000 ద్విపదలున్నాయి, ఒక్కొక్కదానికి ఎనిమిది సెకన్లు వేసుకున్నా దాదాపు 38 గంటలు పడుతుంది. అఖండ పారాయణం మాట మరచిపోయి, మొదటి సంవత్సరం సుందరకాండను పూర్తిగా పాడి, చివరి రోజున పట్టాభిషేక ఘట్టం చదవడం మేలని నా అభిప్రాయం. బుద్ధారెడ్డి యుద్ధకాండతోనే ముగించాడు, ఉత్తరకాండను ఆయన కుమారులు కాచవిభుడు, విఠలుడు వేరుగా రచించారు. కనుక పట్టాభిషేకంతో ఆపడంలో అసంపూర్ణమన్న శంకకు తావు లేదు.

ఇక అవాల్మీకాల, అంటే వాల్మీకి చెప్పని కథల, సంగతి. సేతువు కట్టేటప్పుడు ఇసుకలో పొర్లి వచ్చి ఒడలు దులిపిన ఉడుత, లక్ష్మణుని విడిచి పద్నాలుగేళ్లు ఊర్మిళను ఆవహించిన నిద్రాదేవి, లక్ష్మణుని చేతిలో పొరపాటున హతుడైన శూర్పణఖ కొడుకు, ఇవన్నీ ఇందులో ఉన్నాయి, వాల్మీకంలో లేవు. మీ పక్క వీధివారు పాడే మానస్‌లో కూడా సీతారాములు వివాహానికి ముందే పూలతోటలో ఒకరినొకరు చూసుకుంటారు, రావణుడు ఎత్తుకుపోయినది మాయాసీతను. అవీ వాల్మీకి చెప్పినవి కావు. వాటిని వారు భక్తితోనే పాడుతున్నప్పుడు, ‘ఉడుతాభక్తి’ అని రోజూ వాడుకునే మనకు సంకోచం దేనికి? సందేహించే పెద్దలు మీలో ఉంటే, ఉదయం వాల్మీకి శ్లోకాలూ సాయంకాలం ద్విపదలూ పెట్టుకోండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ప్రతి కోసం సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలో విచారించండి. 1901 నుంచి నడుస్తున్న గ్రంథాలయమది. ఆదివారం ఆబిడ్స్ కాలిబాటల మీద పరిచే పాత పుస్తకాలలోనూ వెదకవచ్చును.

ప్రశ్న: మొల్ల రామాయణాన్ని తొమ్మిది రోజులలో ఇంట్లో చదవడం సాధ్యమేనా?
– ఒక పాఠకుడు, వనస్థలిపురం

సమాధానం: నిస్సంశయంగా సాధ్యమే. ఆరు కాండలలోనూ కలిపి సుమారు 870 గద్యపద్యాలే ఉన్నాయి. రోజుకు వంద చొప్పున చదివినా తొమ్మిదవ నాటికి పూర్తవుతుంది. సుందర, యుద్ధకాండలను మొల్ల విస్తరించి, తక్కినవాటిని క్లుప్తంగా నడిపింది కాబట్టి కాండల లెక్కన కాక పద్యాల లెక్కన రోజులను పంచుకోండి.