కాంపనెల్లా మొదలుపెట్టే ముందు

మైలాపూర్, చెన్నై

చిన్నీ,

ఇక్కడి డిసెంబరు కచేరీలో పియానో మీద లిస్ట్ రాసిన 'లా కాంపనెల్లా' (చిన్న గంట) వాయిస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత పొంగిపోయానో! ఫోన్ పెట్టగానే నీ కుడిచెయ్యి గుర్తొచ్చి గుబులు పట్టుకుంది.

వేళ్ల అంకెలు పెన్సిల్‌తో రాసుకో, తాళం టిక్కుటిక్కుమని చెప్పే మెట్రోనోమ్ దగ్గర పెట్టుకో. అవి నీకు తెలిసినవే.

నా భయమంతా నీ పాత తప్పు గురించే. మూడేళ్ల కిందట వేసవిలో ఇక్కడికొచ్చినప్పుడు, రఖ్మనినోవ్ సి షార్ప్ మైనర్ ప్రెల్యూడ్ చివర్లో నాలుగు స్టేవ్‌ల (స్వరాలు రాసే ఐదు గీతల వరసల) మీద పరిచిన కార్డులు, అదే ఒకేసారి నొక్కే స్వరాల గుంపులు, చూసి "అమ్మో, పేజీ నల్లగా ఉంది" అని పక్కన పెట్టేశావు. షోపాన్ ఓపస్ 10లో రెండో ఎట్యూడ్ (వేళ్ల సాధన కోసం రాసిన రచన) తేలిగ్గా కనబడిందని అది పట్టుకున్నావు. ఆ నల్ల పేజీలో నడక నెమ్మది. చేతి బరువు వదిలితే కార్డులు వాటంతటవే పలుకుతాయి. ఈ ఎట్యూడ్‌లోనో, బొటనవేలూ చూపుడువేలూ కార్డులు చూసుకుంటుంటే, తెల్ల కీ, నల్ల కీ వదలకుండా వరసగా సాగే క్రోమాటిక్ పరుగంతా మిగతా మూడు వేళ్లే లాగాలి. అదీ నిమిషానికి 144 బీట్ల వేగంతో, విరామం లేకుండా. పది రోజులకే మోచేతి కింద కండ బిగిసి, చపాతీ పిండి కలపలేక గిన్నె నా వైపు తోసేశావు. అప్పటిదాకా నొప్పి దాచావు చూడు, ఆ కోపం నాకింకా పోలేదు. సిరా చూసి కష్టం కొలవకు తల్లీ.

కాంపనెల్లా మొదటి పేజీ మరీ మోసం చేస్తుంది, అంత పలచగా ఉంటుంది. అక్కడ కుడిచెయ్యి రెండు ఆక్టేవ్‌లు, అంటే దాదాపు 33 సెంటీమీటర్లు, ఒక్క సెమీక్వేవర్‌లో, అంటే పావు బీటంత చిన్న స్వరంలో, దూకాలి. నెమ్మదిగా వాయిస్తే కంటికి కీ వెతుక్కునే తీరిక ఉంటుంది, అందుకే వచ్చేసిందనిపిస్తుంది. అసలు వేగంలో ఆ తీరికే ఉండదు. కాబట్టి దూకడం మాత్రం మొదటిరోజు నుంచీ పూర్తి వేగంతోనే దూకు. కీ మీద చప్పుడు కాకుండా ఆగి, చోటు సరిచూసుకుని, అప్పుడు నొక్కు.

ఉంగరపువేలు, చిటికెనవేలు కలిసి వేసే ట్రిల్ (పక్కపక్క రెండు స్వరాలు గబగబా మార్చి మార్చి వాయించడం) ఉన్న చోట్లూ, చివరి ఆక్టేవ్‌లూ విడిగా తీసి వారంపాటు రోజుకి 20 నిమిషాలు చెయ్యి. వరసగా ఐదుసార్లు తప్పు లేకుండా వచ్చాక, ముందు పేజీలన్నీ వాయించి అలసిన చేత్తో మళ్లీ వాటి దగ్గరికి రా. అప్పుడు మణికట్టు బిగిస్తే ఈ డిసెంబరుకి వద్దు, వచ్చే ఏడు చూద్దాం.

మీ బెంగళూరు ఇంట్లో ఉన్నది అప్‌రైట్, గోడకి ఆనించే నిలువు పియానో. అందులో కీ దాదాపు పూర్తిగా లేస్తేగానీ మళ్లీ మోగదు. కచేరీ హాల్లో ఉన్న గ్రాండ్‌లో, అంటే తీగలు అడ్డంగా పరిచిన పెద్ద పియానోలో, కొంత లేస్తే చాలు, పియానోలు చేసే ఎరార్ 1821లో పేటెంట్ చేయించిన ఏర్పాటు వల్ల. అందుకని గంటలా గబగబా మోగే ఆ స్వరాలు ఇంట్లో తడబడితే నీ వేళ్లని తిట్టుకోకు. అయితే ఇక్కడి నవంబరు వానలకి ఫెల్ట్ తేమ పట్టి గ్రాండ్ కీలు కూడా బద్ధకిస్తాయి.

అందుకే కచేరీ ముందురోజు కాదు, నవంబరులోనే ఒక శనివారం పొద్దున బండికి రా. హాలు తీయించి ఉంచుతాను. పై డి షార్ప్ నుంచి ఒక్కో కీ నొక్కి వదిలి, ఏది ఆలస్యంగా లేస్తుందో ఇద్దరం చూద్దాం. ఈలోగా చెయ్యి ఏమాత్రం నొప్పెట్టినా ఆ రోజే ఫోన్ చెయ్యి.

ప్రేమతో,
పిన్ని