మైగ్రేన్‌కు చికిత్స తీసుకుంటే పనితీరు నిజంగా మెరుగుపడుతుందా?

చాలామందికి మెరుగుపడుతుంది. అయితే ఆ మార్పును సెలవుల లెక్కతోనే కొలవకండి. మైగ్రేన్ వల్ల పోయే పనిలో పెద్ద భాగం, ఆఫీసుకు వచ్చి కూర్చున్నా బుర్ర పనిచేయని గంటలదే. అందుకే వైద్యులు వాడే మైడాస్ ప్రశ్నావళి గత 3 నెలల్లో ఉద్యోగానికి, ఇంటి పనికి, కుటుంబ వేడుకలకు దూరమైన రోజులను అడుగుతుంది. సగం పనే చేయగలిగిన రోజులూ అందులో చేరతాయి. మొత్తం 21 రోజులు లేదా అంతకు మించితే ఇబ్బంది తీవ్రమైనదే.

నొప్పి మొదలవగానే ట్రిప్టాన్ (మైగ్రేన్ నొప్పిని ఆపడానికి వాడే మందుల రకం) మాత్ర వేసుకుంటే చాలామంది ఆ పూటే మళ్లీ పనిలో పడగలుగుతారు, ఆలస్యం చేస్తే ఆ ప్రయోజనం తగ్గుతుంది. కానీ నెలలో 10 రోజులు, అంతకు మించి వాడుతూ పోతే ఆ మందే తలనొప్పిని తెచ్చిపెట్టవచ్చు.

మైగ్రేన్ తరచూ వచ్చేవారికి నివారణ మందులు ఉన్నాయి. ప్రొప్రనొలాల్, టోపిరమేట్ వంటివి రోజూ వేసుకోవాలి, ఫలితం తేలడానికి 2, 3 నెలలు పట్టవచ్చు. టోపిరమేట్‌తో కొందరికి సమయానికి మాట తట్టదు, ఏకాగ్రత తగ్గుతుంది. బోధన వంటి, మాట మీద ఆధారపడిన వృత్తిలో ఉంటే ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పండి. నొప్పి తీవ్రతను వివరించడం ఎంత అవసరమో ఇదీ అంతే అవసరమని నా గట్టి అభిప్రాయం.