నాటకాల్లో తెర వెనుక పని నేర్చుకోవాలంటే శ్రీకాకుళం వైపు కుర్రాళ్లకి దారేది?

మీ తమ్ముడు శ్రీకాకుళంలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాడని, వేషాల మీద మోజు లేదని, లైటింగు, సెట్టింగు లాంటి పనే కావాలంటున్నాడని రాశారు. శిక్షణ ఎక్కడ ఇస్తారు, డబ్బు సాయం ఎవరైనా చేస్తారా అని అడిగారు. నేను విజయనగరంలో ఉంటాను. పగలు మోటార్ల వైండింగ్ షాపు, రాత్రి నాటకాలకి లైట్లు. కాబట్టి నా జవాబు కాస్త షాపు వైపు మొగ్గుతుంది, ముందే చెబుతున్నాను.

ఈ ప్రశ్న ఎవరిని అడిగినా మొదట ఢిల్లీ పేరే చెబుతారు. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా, 1959లో పెట్టారు. మూడేళ్ల కోర్సు, స్కాలర్‌షిప్ కూడా ఇస్తారు. మొదటి ఏడాది అందరికీ ఒకే చదువు, ఆ తర్వాత డిజైన్ వైపు వెళ్లొచ్చు. మంచిదే, కాదనను. కానీ అప్లికేషన్ పెట్టాలంటే డిగ్రీతో పాటు కనీసం ఆరు నాటకాల్లో పనిచేసి ఉండాలి. హిందీ, ఇంగ్లీషు అర్థం కావాలి. దగ్గర్లో అంటే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్ డిపార్ట్‌మెంట్ ఉంది. శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు, బస్సులో పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో పీజీ ఉంది. కర్ణాటకలో హెగ్గోడు అనే పల్లెలో నీనాసం అనే నాటక సంస్థ వాళ్లు ఏడాది కోర్సు నడుపుతారు. అడవుల మధ్య ఊరు, చదువు మాత్రం కన్నడంలో.

డబ్బు సంగతి. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకి స్కాలర్‌షిప్ ఇస్తుంది. 18 నుంచి 25 ఏళ్ల లోపు వాళ్లకి నెలకి 5000, రెండేళ్లపాటు. నాటకం కూడా అందులో ఉంది. ఇక్కడిదాకా చదివి సంతోషపడకండి. దానికి అంతకుముందే గురువు దగ్గర గానీ సంస్థలో గానీ కనీసం అయిదేళ్లు నేర్చుకున్నట్టు సంతకం చేసిన కాగితం కావాలి. సంగీతానికి, నాట్యానికి ఇది బాగానే అతుకుతుంది. ఏడేళ్ల పిల్లని అమ్మే తీసుకెళ్లి పాట మాస్టారి దగ్గర కూర్చోబెడుతుంది. లైట్లు మోయడానికి పిల్లాడిని ఎవరు కూర్చోబెడతారండీ? ఇంటర్ అయ్యాక పద్దెనిమిదేళ్లకి మొదలుపెడితే అయిదేళ్లకి ఇరవై మూడు. ఆ అయిదేళ్లూ వాడికి అన్నం ఎవరు పెట్టాలి? నా గొడవంతా ఆ అయిదేళ్ల గురించే.

నాకు ఇరవై నిండని రోజుల్లో సంగతి ఒకటి చెబుతాను. చీపురుపల్లి దాటాక ఒక ఊళ్లో అమ్మవారి పండగ, రాత్రి హరిశ్చంద్ర. ఆ సంవత్సరం మా గురువుగారి వెనక లైట్ల పెట్టె మోస్తూ తిరుగుతున్నాను. పెట్టెకి తాళం ఉండేది. ఆ తాళంచెవి మొలతాడుకి కట్టుకునేవారు, నా చేతికి ఇచ్చేవారు కాదు. కాటి సీనుకి చితి ఎలా కట్టేవారంటే, ఎండు కట్టెలు పేర్చి వాటి వెనక కాస్త ఖాళీ వదిలేవారు. అందులో టేబుల్ ఫ్యాన్ వెల్లకిలా పడుకోబెట్టి, దాని జాలీకి నారింజ రంగు పట్టుగుడ్డ పీలికలు కట్టేవారు. పక్కన ఎర్ర జెలటిన్, పసుపు జెలటిన్ (లైటు ముందు పెట్టే రంగు కాగితం) వేసిన రెండు హాలోజన్లు పైకి తిప్పి పెట్టేవారు. ఫ్యాన్ వేస్తే పీలికలు లేచి ఆడతాయి, కింద నుంచి వెలుగు పడుతుంది. పది గజాల దూరం నుంచి చూస్తే మంటే.

ఆ రాత్రి రెండు దాటాక కాటి సీను మొదలైంది. సరిగ్గా అప్పుడే వోల్టేజీ పడిపోయింది. వోల్టేజీ తగ్గితే హాలోజన్ ఎర్రబడుతుంది, చితికి అది ఇంకా మేలు. కానీ ఫ్యాన్ తిరగదు. పీలికలన్నీ తడిసిన కోడి ఈకల్లా జాలీకి అంటుకుని పడుకున్నాయి. జనరేటర్ ఉంది, అది మైకు సెట్టు వాళ్లది. వాళ్లు ఇవ్వరు. ఇస్తే హార్మోనియం మైకు పోతుందని వాళ్ల భయం.

గురువుగారు చుట్టూ చూశారు. స్టేజీ వెనకున్న ఇంట్లోనే మేకప్ వేస్తున్నారు. ఆ ఇంటి వసారాలో గోడకి చేట ఆనించి ఉంది. దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, నన్ను కట్టెల వెనక బోర్లా పడుకోబెట్టారు. "ఊపరా గుంటడా! ఆపీకు, సితి ఆరిపోద్ది!"

ఊపాను. పీలికలు లేచాయి. జనంలో ఎవరో 'హమ్మా' అన్నారు. మొదటి పద్యం అయింది, ఈలలు పడ్డాయి. వన్స్ మోర్! మీలో పౌరాణికాలు చూసిన వాళ్లకి తెలుసు, మన వైపు కాటి సీనులో వన్స్ మోర్ అంటే పద్యం రెండోసారి పాడటంతో పోదు. ఎవరో ఒకాయన స్టేజీ ఎక్కి హరిశ్చంద్రుడి గొంగళికి పిన్నీసుతో నోటు గుచ్చుతాడు. ఆయన పేరు, ఇంటి పేరు, వాళ్ల నాన్నగారి పేరు మైకులో చదువుతారు. అప్పుడు మళ్లీ రాగం. ఆ హరిశ్చంద్రుడికి గొంతు అరిగేది కాదు, నా చెయ్యి అరుగుతోంది. వెయ్యి వాట్ల లైటు నా చెవికి జానెడు దూరంలో. చెమట కళ్లల్లోకి కారుతుంటే తుడుచుకోడానికి రెండో చెయ్యి లేదు, అది లైటు స్టాండు పట్టుకుని ఉంది. పద్యానికీ పద్యానికీ మధ్య హరిశ్చంద్రుడు జనానికి వీపు తిప్పి, పెదవి కదపకుండా, "నాకేసి కూడా కాస్త ఇసరరా బాబూ" అన్నాడు.

అప్పుడు గురువుగారు సైడ్ వింగ్ లోంచి గుసగుసగా ఒక మాట అన్నారు. "పజ్జెం పాడీటప్పుడు సన్నగా. ఆపినప్పుడు పెద్దగా." అంతే. నేను అలాగే ఊపాను. రాగం తీసేటప్పుడు మంట చిన్నదయితే జనం ఆయన మొహం చూస్తున్నారు. పద్యం ఆగాక మంట లేస్తే కాష్ఠం చూస్తున్నారు. కట్టెల సందులోంచి ముందు వరసలో తలకాయలు అటూ ఇటూ తిరగడం నాకు కనిపించింది. లైటింగు అంటే ఏమిటో నాకు అక్కడ తెలిసింది. చాలా ఏళ్ల తర్వాత ఒక వర్క్‌షాపులో ఒకాయన ఏసీ గదిలో స్లైడ్లు వేసి గంటన్నర సేపు ఇదే చెప్పాడు. చివర్లో సర్టిఫికెట్టు ఇచ్చాడు. లామినేషన్ చేయించి షాపులో పెట్టాను, కరెంటు బిల్లు వాడికి తప్ప ఎవరికీ పనికిరాలేదు. వాడు చదువుతూ కూర్చుంటాడు.

ఆ రాత్రి హరిశ్చంద్రుడు గొంగళి నిండా నోట్లతో దిగాడు. నాకు పొద్దున ఉప్మా, బస్సు చార్జీ. గురువుగారి తప్పు కాదు, ఆయనకిచ్చినదే అంత. కరపత్రంలో నటీనటుల పేర్లున్నాయి, చందాలిచ్చిన వాళ్ల పేర్లున్నాయి, పందిరి వేసినవాడి ఫోన్ నంబరు కూడా ఉంది. లైటింగ్ అన్నచోట ఎవరిదో ఎలక్ట్రికల్ షాపు పేరు.

ఇది ఇవాళ్టి జబ్బు కాదు. 1892లో ఈ విజయనగరంలోనే, ఆనందగజపతి రాజుగారి కాలంలో, జగన్నాథ విలాసినీ సభ వాళ్లు కన్యాశుల్కం మొదటిసారి ఆడారు. కలకత్తా ఊరికే 1899 దాకా కరెంటు సరఫరా రాలేదు. మరి ఆ రాత్రి గిరీశం మొహం జనానికి కనపడాలంటే ఎవడో ఒకడు దీపాలు ఎక్కదీసి, వత్తులు సరిచేసి, గాలికి ఆరకుండా కాపలా కాసి ఉంటాడుగా. గురజాడ వారికి విగ్రహం ఉంది, ఉండాల్సిందే. ఆ దీపాలవాడి పేరు ఈ ఊళ్లో ఒక్కరు చెప్పమనండి.

పేరు పక్కన పెట్టండి, కూలీ అడుగుతున్నాను. తాపీ మేస్త్రి కింద పనిచేసే కుర్రాడికి మొదటి రోజు నుంచీ కూలీ ఉంది. బైక్ మెకానిక్ షాపులో పిల్లాడికి వారం వారం ఎంతో కొంత ఇస్తారు. నాటకం దగ్గరికి వచ్చేసరికి 'కళాసేవ' అంటారు. నాటక పరిషత్తుల వాళ్లు పోటీలు పెడతారు, రంగాలంకరణకి బహుమతి, ఆహార్యానికి బహుమతి, సంగీతానికి బహుమతి. బాగుంది. ఆ బహుమతి తెచ్చిన సెట్టుని లారీలోంచి దింపి, మేకులు కొట్టి, పావుగంటలో నిలబెట్టి, నాటిక అయ్యాక పది నిమిషాల్లో పీకేసిన నలుగురు కుర్రాళ్లకి? భోజనం టోకెన్లు కూడా లెక్కపెట్టి ఇస్తారు. అదే వేదిక మీద శాలువాలకి లెక్క ఉండదు. ముఖ్య అతిథి గంట ఆలస్యంగా వస్తాడు, ఆ గంట మా సెట్టింగు టైములోంచి కోస్తారు. ఒక్క పరిషత్తు శాలువాల ఖర్చు మానేసి ఇద్దరు సహాయకులకి సీజనంతా బత్తా ఇస్తే రెండేళ్లలో మన జిల్లాల్లో లైట్‌మన్ల కొరత ఉండదు. ఇది నేను ఎక్కడైనా వాదిస్తాను.

సురభి వాళ్లని చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబాలు, ఇవాళ్టికీ ఆడుతున్నారు. వాళ్లకి కోర్సు లేదు, సర్టిఫికెట్టు లేదు. తెర లాగినవాడే రేపు ఘటోత్కచుడు, నిన్నటి ఘటోత్కచుడు ఇవాళ తీగల మీద బాణాలు నడిపిస్తాడు. అక్కడ పిల్లాడు పని నేర్చుకున్నంత కాలం ఇంట్లోనే తింటాడు. ఆ అయిదేళ్ల అన్నం సమస్యని వాళ్లు అలా దాటారు. అందరూ సురభి ఇంట్లో పుట్టలేరు కాబట్టి మిగతా వాళ్లకి ఆ అన్నం ఇంకెవరో పెట్టాలి.

ఇక మీ తమ్ముడికి. నా సలహా చాలామందికి నచ్చదు, అయినా చెబుతాను. డిగ్రీ అయ్యాక ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేయమనండి, రెండేళ్లు. డిగ్రీ చదివి ఐటీఐ ఏమిటని మీ ఇంట్లో పెద్దవాళ్లు గొడవ చేస్తారు. చేయనివ్వండి. వెయ్యి వాట్ల లైటు ఒక్కటి నాలుగు ఆంపియర్ల పైన లాగుతుంది. ఇంట్లో మామూలు అయిదు ఆంపియర్ల ప్లగ్గుకి ఒక్కటి పెడితే అక్కడితో సరి. అలాంటివి పద్దెనిమిది పెడితే మూడు ఫేజులకీ పంచినా ఫేజుకి ఇరవై ఆరు ఆంపియర్లు. ఈ లెక్క రాని వాడిని లైట్ల వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ బోర్డు దగ్గర కూర్చోబెడితే నాటకం కన్నా ముందు పందిరి అంటుకుంటుంది. ఇప్పుడు ఎల్ఈడీలు వచ్చాయి, కరెంటు తక్కువ తింటాయి, జెలటిన్ కాలిపోయే బాధ లేదు. నీలం జెలటిన్ అయితే మరీ, రెండు ప్రదర్శనలకే తెల్లబడిపోయేది. కానీ ఎల్ఈడీలు వచ్చాక పెళ్లి స్టేజీల వాళ్లు నాటకాల్లోకి దిగారు. సీత అగ్నిప్రవేశానికి ఊదా రంగు, ఆకుపచ్చ రంగు గిరగిరా తిప్పుతారు. అడిగితే 'ఎఫెక్టు' అంటారు. మెషీన్ మీద బటన్ ఉంది కాబట్టి నొక్కాడు, అంతే.

ఐటీఐ ఇంకో విధంగా కూడా మేలు. నాటకాల సీజను ఏడాది పొడుగునా ఉండదు. వానాకాలం నాలుగు నెలలు ఏం తింటాడు? చేతిలో వైరింగ్ పని ఉంటే ఆ నాలుగు నెలలూ బతుకుతాడు, దసరా వెళ్లాక మళ్లీ నాటకాల్లోకి వస్తాడు. నటుల్లో మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు ఎందుకు ఎక్కువ అనుకుంటున్నారు?

అమ్మాయిల సంగతి మీరు అడగలేదు, అయినా రాస్తాను. మేకప్ నేర్చుకుంటామని అమ్మాయిలు వస్తున్నారు, చెయ్యి కూడా బాగా తిరుగుతోంది. నాటిక అర్ధరాత్రి దాటాక ముగుస్తుంది. తర్వాత ఆ అమ్మాయి ఎలా వెళ్లాలో నిర్వాహకులకి పట్టదు. నటీమణులకి రూము బుక్ చేస్తారు, మేకప్ అమ్మాయి బస్టాండులో కూర్చుంటుంది. వేదిక వెనక బాత్రూముకి తాళం, తాళంచెవి ఉన్నవాడు ఇంటికెళ్లి నిద్రపోతాడు. శిక్షణ, ప్రోత్సాహం అని మీటింగుల్లో మాట్లాడే పెద్దలు ముందు ఆ తాళం తీయించాలి.

మళ్లీ మీ తమ్ముడి దగ్గరికి. కాలేజీలో ఉండగానే మొదలుపెట్టొచ్చు. శ్రీకాకుళంలో బాపూజీ కళామందిర్, విజయనగరంలో ఆనందగజపతి ఆడిటోరియం. నాటకం ఉన్న రోజు సాయంత్రం ప్రేక్షకుడిలా కాదు, మధ్యాహ్నం రెండింటికే వెళ్లమనండి. లారీ వస్తుంది. ఎవరూ పిలవకపోయినా ఒక చెయ్యి వేయమనండి, మూడోసారికి వాళ్లే పేరు పెట్టి పిలుస్తారు. ఏ నాటకం, ఏ తేదీ, ఏం పని చేశాడు అన్నది నోటుబుక్కులో రాసి దర్శకుడి సంతకం పెట్టించుకోమనండి. రేపు ఢిల్లీకి అప్లికేషన్ పెట్టినా, ఆ స్కాలర్‌షిప్‌కి కాగితం కావాలన్నా అదే పనికొస్తుంది. రెండో నాటకం నుంచి బత్తా ఎంతో ముందే అడగమనండి. మొహమాటపడితే ఉప్మాయే.

నాకు దసరా వెళ్లాక, మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను పండగ అయ్యాక పని ఎక్కువ ఉంటుంది. కుర్రాడు కావాలి. టెస్టరు, కటింగ్ ప్లయర్, ఇన్సులేషన్ టేపు సొంతంగా తెచ్చుకోవాలి, నావి ఇవ్వను. హవాయి చెప్పులతో వస్తే బోర్డు దగ్గరికి రానివ్వను.