పోస్టింగుకు బయల్దేరుతున్న అల్లుడికి: తోలుపని గురించి

అల్లుడూ,

నీకు లేహ్ వైపు పోస్టింగ్ వచ్చిందనీ, అక్కడ తీరిక దొరికితే తోలుపని నేర్చుకోవాలని ఉందనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నాకు చాలా సంతోషమేసింది. పటాలంలో ఉన్నన్నాళ్లూ నా చేతికి తోడుగా ఉన్న పని అది, రిటైరై కావలి వచ్చాక కూడా వదల్లేదు. ఫోన్‌లో నాలుగు ముక్కలు చెప్తే సరిపోదని రాస్తున్నా. సెలవు అయిపోయేలోపు నిదానంగా చదువుకో.

పోస్టులో తీరిక ఎలా దొరుకుతుందో నీకు ఇంకా తెలీదు. ఒక పూట మొత్తం ఎవరూ ఇవ్వరు. డ్యూటీ దిగి, ఆయుధం తుడిచి, అన్నం తిన్నాక నిద్రకు ముందు ఒక అరగంట మిగులుతుంది. సిగ్నల్ ఉంటే ఆ అరగంటని ఫోన్ తినేస్తుంది, లేకపోతే ఇంటి మీద బెంగ తినేస్తుంది. చేతికుట్టు సరిగ్గా ఆ అరగంటకు పనికొస్తుంది. నాలుగు కుట్లు వేసి ఆపేయొచ్చు. పిలుపొస్తే అలాగే మడిచి పెట్టెలో పెట్టి లేచిపోవచ్చు. పది రోజుల తర్వాత వచ్చి ఐదో కుట్టు వేసినా ఏమీ చెడిపోదు. చప్పుడు కూడా ఉండదు, పక్క మంచం మీద రాత్రి సెంట్రీ చేసొచ్చినవాడు పడుకునుంటాడు కాబట్టి ఇది చిన్న సంగతి కాదు. అందుకే చెప్తున్నా, ముందు కుట్టు ఒక్కటీ నేర్చుకో. అచ్చులు కొట్టడం, పువ్వులు చెక్కడం, రంగులద్దడం ఇవన్నీ సుత్తితోనూ సీసాలతోనూ పని. వాటి సంగతి ఇంటికొచ్చాక చూద్దాం.

సామాను విషయంలో గట్టిగా ఉండు. ఆన్‌లైన్‌లో పెద్ద పెద్ద కిట్లు అమ్ముతారు, అందులో సగం నీకు ఏళ్ల తరబడి అక్కర్లేదు. తోలుకు బెజ్జాలు పొడిచే ఆరె ఒకటి, మొన మొద్దుగా ఉండే సూదులు నాలుగు, మైనం పట్టించిన దారం ఒక ఉండ, బ్లేడు మార్చుకునే కట్టర్, ఒక అడుగు స్టీలు స్కేలు, జామెట్రీ బాక్సులో ఉండే డివైడర్, గరుకు కాగితం, కాగితాలకు పెట్టే నల్ల క్లిప్పులు కొన్ని. ఇదంతా ఒక టిఫిన్ డబ్బాలో పడుతుంది. దీనికి తోడు ఉదయగిరి చెక్క గరిటె ఒకటి తీసుకెళ్లు, కాడ నున్నగా ఉన్నది చూసి. దాని పని తర్వాత చెప్తా. విమానంలో వెళ్తే ఆరె, కట్టర్, సూదులు చేతిసంచిలో పెట్టొద్దు, లగేజీలో వెయ్యి. అక్కడికి చేరగానే మీ సీహెచ్ఎం సాబ్‌కు, అంటే కంపెనీ హవల్దార్ మేజర్‌కు, డబ్బా తెరిచి చూపించి, ఇది నా తీరిక పని అని చెప్పు. కిట్ ఇన్‌స్పెక్షన్‌లో ఆయన చూసి అడిగేదాకా ఆగడం మర్యాద కాదు.

ఇక తోలు. పచ్చి తోలు కుళ్లిపోకుండా శుద్ధి చేయడాన్ని ఊనడం అంటారు. బజారులో దొరికే తోలులో ఎక్కువ భాగం క్రోమియం లవణాలతో ఊనింది. అది మెత్తగా ఉంటుంది, నీళ్లకు ఓర్చుకుంటుంది గానీ అంచు రుద్దితే నునుపెక్కదు. నీకు కావాల్సింది చెట్టు పట్టతో ఊనిన తోలు. మన మెట్టల్లో పచ్చగా పూసే తంగేడు ఉందే, దాని పట్టతోనే మద్రాసు చుట్టుపక్కల తరతరాలుగా తోళ్లు ఊనేవాళ్లు, చివర్లో కరక్కాయ నీళ్లలో వేసేవాళ్లు. ఈస్టిండియా తోలు అని విదేశాల్లో పేరు పడింది అదే. ఇప్పుడు ఎక్కువగా తుమ్మజాతి చెట్ల పట్ట సారం వాడుతున్నారు. కొనేటప్పుడు కోసిన అంచు చూడు. లోపల నీలి బూడిద రంగు కనిపిస్తే అది క్రోమ్. పై నుంచి కింద దాకా ఒకే గోధుమ రంగు ఉంటే పట్ట తోలు. ఒక నీటి చుక్క వేస్తే అది పీల్చుకుని అక్కడ నల్లబడుతుంది కూడా. మొదట్లో మేక తోలు వద్దు, పలచగా ఉండి ఆరె కింద జారుతుంది. మన నెల్లూరు గొర్రె తోలు చేతొడుగులకు బాగుంటుంది గానీ సాగుతుంది, కుట్టు నేర్చుకునేవాడికి పనికిరాదు. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం బర్రె తోలు తీసుకో. బెల్టు కుట్టే రోజొస్తే మూడు నాలుగు మిల్లీమీటర్లది చూద్దాం.

కుట్టు సంగతి కొంచెం వివరంగా రాస్తా, ఇది ఒకరు చూపిస్తే తప్ప పట్టుబడదంటారు గానీ జాగ్రత్తగా చదివితే వస్తుంది. అంచు నుంచి నాలుగు మిల్లీమీటర్లు లోపలికి డివైడర్‌తో గీత గియ్యి. ఆ గీత మీద మెస్సులో ఫోర్కు ఆనించి నొక్కితే సమదూరంలో చుక్కలు పడతాయి. ఫోర్కు మొదటి పన్నును చివర పడ్డ చుక్కలో పెట్టి మళ్లీ నొక్కుతూ పో. రెండు ముక్కలనూ క్లిప్పులతో కలిపి బిగించి, వెనక బెండు ముక్క పెట్టి, ఒక్కో చుక్క మీద ఆరె నిట్టనిలువుగా దించు. వెనక్కి తిప్పి చూస్తే అక్కడ కూడా బెజ్జాలు ఒకే వరసలో ఉండాలి. వరస కుదిరేదాకా పనికిరాని ముక్కల మీద పొడుస్తూ ఉండు.

దారం కుట్టు పొడవుకు నాలుగింతలు, పైన ఒక జానెడు. రెండు కొసలకూ రెండు సూదులు. మొదటి బెజ్జంలో దూర్చి రెండువైపులా సమంగా లాగు. తర్వాతి బెజ్జంలో ఎడమ చేతి సూది ముందు పోతుంది. అది ఇవతలికి వచ్చాక దాని దారాన్ని ఒక పక్కకు లాగిపట్టి, కుడి చేతి సూదిని అదే బెజ్జంలో దూర్చు. ఈ రెండో సూది మొదటి దారంలో గుచ్చుకోకూడదు. అనుమానం వస్తే మొదటి దారాన్ని అటూ ఇటూ కదిపి చూడు, కదిలితే మంచిదే. తర్వాత రెండు చేతులా ఒకేసారి, ఒకే బలంతో బిగించు. ఏ చేతి సూది ముందు పోతుందో, దారాన్ని ఏ పక్కకు పడతావో, మొదటి బెజ్జం నుంచి చివరిదాకా మారకూడదు. మారిన చోట కుట్టు వంకర తిరుగుతుంది, ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. చివర్లో రెండు మూడు బెజ్జాలు వెనక్కి కుట్టి తెంపెయ్. మిషన్ కుట్టులో ఒక దారం తెగితే పక్క కుట్లు కూడా వరసగా ఊడిపోతాయి. ఇందులో ఒకటి తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. గుర్రపు జీన్లు కుట్టింది ఈ కుట్టుతోనే. 1857 తర్వాత కాన్పూర్‌లో సైన్యానికి జీన్ల కార్ఖానా పెడితే, ఆ ఊరి తోలు పరిశ్రమ దాని చుట్టూనే పెరిగింది.

మొదటి వస్తువుగా కార్డు కవర్ కుట్టు. క్యాంటీన్ అట్టపెట్టె చించి ముందు అట్టతో కొలత తీసుకో. ఏడు సెంటీమీటర్ల వెడల్పు, తొమ్మిది పొడవు, అలాంటివి రెండు. పై అంచున బొటనవేలు పట్టేంత గుండ్రంగా కోసి, మిగతా మూడు వైపులా కుట్టడమే. తోలు కోసేటప్పుడు ఒక్క దెబ్బకు తెగాలని నొక్కొద్దు. స్కేలు ఆనించి తేలిగ్గా మూడు నాలుగుసార్లు గియ్యి. స్కేలు పట్టిన వేళ్లు బ్లేడు దారిలో ఉండకూడదు. రాత్రి డ్యూటీ చేసి నిద్ర ముంచుకొస్తుంటే ఆ పూట ఆరె ముట్టుకోవద్దు. నీ వేళ్లు నీ ఒక్కడివే కావు నాయనా, రేపు పక్కవాడికి కాపలా కాయాల్సినవి.

కుట్టాక అంచుల్ని గరుకు కాగితంతో సమం చేసి, తడిగుడ్డతో ఒకసారి అద్ది, ఉదయగిరి గరిటె కాడతో రుద్దు. గట్టిగా కాదు, వేగంగా. కాసేపటికి రెండు పొరలూ కలిసిపోయి ఒకే అంచులాగా మెరుస్తాయి. అంత ఖరీదు పెట్టి అమ్మే చెక్క పనిముట్టు చేసేది కూడా ఇదే పని.

లేహ్ మూడున్నర వేల మీటర్ల ఎత్తున ఉంది, గాలి బాగా పొడి. తోలు తడిస్తే బుఖారీ పక్కన, అంటే గది వెచ్చబెట్టే పొయ్యి పక్కన, ఆరబెట్టొద్దు, బిరుసెక్కి ముడుచుకుపోతుంది. బుఖారీ ఉన్న గదిలో రబ్బరు సొల్యూషన్ మూత తీయనే వద్దు. అది అంటుకునే సరుకు, దాని ఆవిరి కూడా అంటుకుంటుంది. పైగా తలుపులు బిగించిన గదిలో ఆ వాసన ఊపిరికి చెడ్డది. అందుకే నీ డబ్బాలో జిగురు రాయలేదు, క్లిప్పులే రాశాను. రేపు ఈశాన్యానికి మారితే అక్కడ బూజు బెడద. ప్లాస్టిక్ సంచిలో కాకుండా పాత న్యూస్ పేపర్‌లో చుట్టి పెట్టు. కుట్టిన వాటి మీద యూనిట్ నంబరు, డివిజన్ గుర్తు వెయ్యొద్దు, పోస్టు కనిపించేలా ఫోటో తీసి ఎవరికీ పంపొద్దు. మీ అమ్మకు కూడా.

నీ బెటాలియన్‌లో బూట్లు, సామాను బాగుచేసే మనిషి ఉంటాడు. అందరూ మోచీ అని పిలుస్తారు. నువ్వు పేరు పెట్టి, వయసులో పెద్దవాడైతే భాయీసాబ్ అని పిలువు. ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు టీ తీసుకుని వెళ్లి పక్కన కూర్చో. నేను పేజీలు పేజీలు రాసినది ఆయన చేతిలో ఒక నిమిషంలో కనిపిస్తుంది.

ఇంటికొస్తే కొందరు, మనకెందుకురా ఈ తోలుపని అంటారు. ఆ మాటలు వినొద్దు. మన మెట్ట ఊళ్లలో ఎద్దులు కట్టి తోడే కపిల బావి మీద నీళ్లు తోడింది తోలు తొండంతోనే, ఒంగోలు గిత్తల మెడలో మువ్వల పట్టెడలు కుట్టింది ఆ చేతులే. ఆ నీళ్లతో పండిన అన్నం తిని, తొండం కుట్టిన మనిషిని ఊరి బయట ఉంచారు. అది మనవాళ్లు చేసిన పెద్ద అన్యాయం. నువ్వు నేర్చుకుంటున్నది వాళ్ల విద్య. ఎవరైనా ఎగతాళి చేస్తే ఆ మాటే చెప్పు. సంక్రాంతికి సెలవు దొరికితే మీ నాన్న గిత్తలకు నువ్వే పట్టెడ కుడుదువుగాని, మువ్వలు నేను తెస్తా.

తోలు మాత్రం ఆన్‌లైన్‌లో కొనకు, చేత్తో పట్టుకుని చూసి కొనాలి. మద్రాసులో సెంట్రల్ స్టేషన్ పక్కనే పెరియమేడు ఉంది, వీధి పొడుగునా తోలు దుకాణాలే. పెద్ద తోళ్లు చదరపు అడుగుల లెక్కన ఇస్తారు, కత్తిరింపు ముక్కలు తూకానికి. నీకు ముక్కలు చాలు. అడయార్‌లో 1948 నుంచీ కేంద్ర తోలు పరిశోధన సంస్థ కూడా ఉంది. ఆ వీధిలో సరుకు తెలిసినవాళ్లు దొరుకుతారు, ఏది పట్ట తోలో అడిగితే చెప్తారు. వచ్చే వారం ఒంగోలులో పినాకిని రైలు ఎక్కు, నేను కావలిలో ఎక్కుతా. మధ్యాహ్నానికి దిగి, కొనుక్కుని, రాత్రి బండికి వచ్చేద్దాం. టికెట్లు నేను తీస్తా, ఏ రోజు కుదురుతుందో మీ అమ్మతో చెప్పించు.

నీ మామయ్య
కావలి